గొర్ల వెంట నడవబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరంతా వానలు మొదలయ్యే వేళకు మా నారాయణపేట జిల్లా మక్తల్ వైపు వస్తున్నారని, గడ్డిభూముల మీద ఏడాది పాటు పని పెట్టుకున్నారని తెలిసి సంతోషం. రాకముందు ఏం తెలుసుకోవాలని అడిగారు. నేను పుట్టింది కురుమ ఇంట్లో, ఉద్యోగం చేసింది పశువైద్యంలో. గొర్లకు టీకాలేస్తూ పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఊళ్లు చాలా తిరిగాను. తోచింది రాస్తున్నాను. ఎక్కడైనా కటువుగా ఉంటే ముసలోడి నోరని సర్దుకోండి.

మీరు పంపిన కాగితాలు చదివాను. గుట్ట కింది నేలను మూడేళ్లు మూసి, చుట్టూ కంచె వేసి, గడ్డి ఎట్లా లేస్తుందో చూస్తామని రాశారు. గడ్డి లేస్తుంది, నాకు అనుమానం లేదు. చలక (ఎర్ర) నేలైనా తొలకరి నుంచి వానాకాలమంతా గొర్రె మూతి పడకుండా ఆపితే వేరు బలపడుతుంది, వెన్ను వేస్తుంది, గింజ రాలుతుంది. కానీ ఆ మూడేళ్లు అక్కడ మేయాల్సిన గొర్లు ఎక్కడికి పోవాలి? ఆ సంగతి మీ కాగితాల్లో ఒక్క వాక్యం కూడా లేదు. ఊళ్లో దిగంగనే మిమ్మల్ని అడగబోయే మొదటి ప్రశ్న అదే.

ఇక్కడి చిక్కు ఏమిటంటే, గడ్డికి విశ్రాంతి కావాల్సిన రోజులూ గొర్లకు తావు లేని రోజులూ ఒకటే. మిరుగు (మృగశిర కార్తె) చినుకు పడంగనే చేలన్నీ దున్ని విత్తుతారు, మందకు దారులు మూసుకుపోతాయి. కోతలయ్యాక సంగతి వేరు, రైతే పిలిచి చేలో మంద పెట్టించుకుంటాడు, ఎరువుకు బదులు గింజలో పైసలో ఇస్తాడు. వానాకాలంలో మాత్రం గుట్ట, బీడు, చెరువు శిఖం తప్ప మరో దిక్కు లేదు. పూర్వం రెగడి (నల్లనేల) చేలు వానాకాలమంతా బీడుగా ఉండేవి. యాసంగికి తెల్లజొన్న, శనగ వేసేవాళ్లు. అందాకా ఆ చేలల్లో గొర్లు మేసేవి, గుట్టకు కొంత ఊపిరి దొరికేది. ఇప్పుడు ఆ చేలల్లోనూ మిరుగుకే పత్తి, కంది పడుతున్నాయి. జూరాల, కోయిల్‌సాగర్, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన చోట చలకలు వరిమడులయ్యాయి. మంచిదే, వలసపోయిన పాలమూరు కూలీ ఇంటికి తిరిగొచ్చాడు. రోడ్డు పక్క బీళ్లేమో వెంచర్లయ్యాయి. మంద మేసే చోటు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

మరోపక్క గొర్లు పెరిగాయి. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్లతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఇరవై ఆడగొర్లు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, 75 శాతం సబ్సిడీ. గొర్లు లారీల్లో వచ్చాయి. మేత లారీల్లో రాలేదు.

అందుకే నా సలహా, మూడేళ్ల కంచె మాట మానుకోండి. ఉన్న నేలను నాలుగు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని మాత్రం మిరుగు నుంచి గింజ రాలేదాకా ఆపుదామని అడగండి. మరుసటి ఏడు ఇంకో భాగం. ఇది కొత్త సంగతేమీ కాదు, పశుగ్రాస పాఠాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. ఆపిన భాగం వల్ల ఏ ఇళ్లకు నష్టమో ముందే తేల్చండి. సాధారణంగా అది ఇరవై ముప్పై గొర్లున్న చిన్నవాడికి. పెద్దమంద వాడు ఎట్లాగూ నల్లమల వైపో, సాగర్ ఎడమకాలువ ఆయకట్టుకో తోలుకుపోతాడు. చిన్నవాడు ఊరు దాటలేడు. మీకొచ్చే నిధుల్లో ఆపినన్నాళ్లకు వాడికి దాణా ఖర్చు కలపండి. నిధులిచ్చేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ భాగాన్ని ఆపొద్దు. మీ చదువుకు కావాల్సింది కొలత, దానికి పది మీటర్ల గళ్లు నాలుగైదు చాలు. ఆ గళ్లకు కూడా ముళ్లతీగ వద్దు, రాత్రిపూట జింకలు చిక్కుకుంటాయి. రేగుకంప వేయండి. కంప పొయ్యిలోకి పోతుందని భయమైతే ఊళ్లోనే ఒకరికి కాపలా కూలి ఇవ్వండి.

ఇంకొకటి, మా పశువైద్యం మాట. ఆపిన భాగాన్ని తెరిచే రోజు ఆకలి మీదున్న మందను ఒక్కసారి వదలొద్దు. పచ్చిక ఒక్కసారిగా కడుపునిండా తింటే చిటుక రోగం పడుతుంది, సాయంత్రం బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. వానలకు ముందే టీకా పడిందో లేదో అడగండి. ముందు ఎండుమేత వేయించి, తొలిరోజు గంటసేపే మేపమనండి. రెండు గొర్లు చస్తే గడ్డి మీద మీరేదో మందు కొట్టారంటారు, ఆ పుకారు ముందు మీ సైన్సు నిలబడదు.

భూమి రికార్డుల సంగతి. తహసీల్దారు ఆఫీసుకు పోతే పాత పహాణీల్లో (సాగు రికార్డుల్లో) గైరాన్, ఖారిజ్ ఖాతా, పోరంబోకు, శిఖం అని కనిపిస్తాయి. గైరాన్ అంటే పశువుల మేతకు వదిలింది. కాగితం మీద గైరాన్ అని ఉన్నంత మాత్రాన నేల మీద గడ్డి ఉంటుందనుకోవద్దు. దానిలో కొంత లావణి పట్టాల కింద భూమిలేని పేదలకు పంచారు. వాళ్లు దున్నుకుంటున్నారు. "మేతభూమిని తిరిగి నిలబెడతాం" అని మీరు సభలో అన్నారనుకోండి, గొల్లకురుమలు చప్పట్లు కొడతారు, లావణి రైతుకు గుండె జారుతుంది. ఇద్దరూ బీదవాళ్లే. వాళ్ల మధ్య నిప్పు పెట్టి మీరు సర్టిఫికెట్లతో వెళ్లిపోకూడదు. సర్వే నంబర్ల మ్యాపు తయారుచేస్తే అందులో ఎవరి సాగు ఉందో బయటివాళ్లకు చూపించొద్దు. అడవి అంచు ఊళ్లలోనైతే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, అందులో మేత హక్కు, సంచార కాపరుల రాకపోకల హక్కు కూడా ఉన్నాయి. నల్లమలలోని అమ్రాబాద్ వైపు వెళ్లే మీవాళ్లు ఆ చట్టం చదివి వెళ్లాలి. అక్కడి పొడ తూర్పు పశువులకు 2020లో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. అవి అడవిమేత మీద బతికే పశువులు. మేత ఆగితే గుర్తింపు కాగితం వాటి కడుపు నింపదు.

మీ ప్రశ్నల పట్టికలో మొదటి ప్రశ్న "మీకు ఎన్ని గొర్లు?" అని ఉంది. దాన్ని కొట్టేయండి. ఎవరూ నిజం చెప్పరు. దిష్టి భయం ఒకటి, పథకం గొర్లు అమ్ముకున్నవాడికి అధికారి భయం ఇంకొకటి. ఈ ఏడు ఎన్ని ఈనాయి, ఎన్ని పిల్లలు నిలిచాయి, ఏ వాగులో నీళ్లు తాపుతున్నావు అని అడగండి. మంద లెక్క దానంతటదే బయటపడుతుంది. పంచాయతీ ఆఫీసుకు పిలిచి అడిగితే పెద్దమనుషులే మాట్లాడతారు. అంబటాళ్లకు (పొద్దున అంబలి తాగే వేళకు) మంద బయల్దేరేటప్పుడు సద్ది కట్టుకుని వెంట నడవండి. నడిచేవాడికి చెప్పినట్టు కూర్చున్నవాడికి చెప్పరు. ఆడపిల్లలైతే ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్లను తప్పకుండా కలవండి. గొర్రెపిల్లలకు మేత, నీళ్లు, రోగమొస్తే పసరు, అంతా వాళ్ల చేతుల మీద జరుగుతుంది. మగవాళ్ల లెక్కల్లో అది ఎప్పుడూ కనిపించదు.

గడ్డి పేర్లకు ఊరికో తీరు ఉంటుంది కాబట్టి పేరు రాసుకోవడంతో ఆగకండి, వెన్నుతో సహా ఒక పోచ కాగితంలో నొక్కిపెట్టి ఊరి పేరు రాయండి. మా దక్కను నేలల్లో మంచి మేతగడ్డి అంటే సెహిమా, డైకాంథియం జాతులు, ఏళ్ల తరబడి ఒకే దుబ్బు నుంచి లేచేవి. మేత మితిమీరితే ముందు పోయేవి అవే. వాటి చోట ముల్లువెన్ను ఏడాది గడ్డి వస్తుంది, దాని గింజ గొర్రె బొచ్చులోకి, ఒక్కోసారి తోలులోకి దిగుతుంది. తర్వాత గొర్రె ముట్టని తంగేడు. ఆ వరస చూస్తే నేల ఎంత దిగజారిందో ఊరివాళ్లు కొలత లేకుండానే చెబుతారు.

మొక్కలు తేవద్దు. వాలంటీర్లకు గుంత తవ్వి మొక్క నాటి ఫోటో దిగడం ఇష్టమని తెలుసు. గడ్డిభూమి చెట్లు పోగా మిగిలిన అడవి కాదు, అది తనంతట తానే ఒక రకం నేల. జింక, తోడేలు, కౌజు, పూరేడు అన్నీ ఆ బయలులోనే బతుకుతాయి. చేతులు ఊరుకోకపోతే సర్కారుతుమ్మ పీకండి. నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో లాగాలి. ముందు ఆ కట్టెతో బొగ్గు కాల్చి బతికేవాళ్లు ఊళ్లో ఎవరున్నారో కనుక్కోండి. తుమ్మ పోయిన చోట మొదటి ఏడు వయ్యారిభామ కమ్ముకుంటుంది. పూత రాకముందే పీకాలి, చేతికి తొడుగులు లేకుండా ముట్టొద్దు. హస్త, చిత్త కార్తెల్లో మంచిగడ్డి గింజ ఏరి, తొలకరికి ముందు చల్లండి. అదే మీరు నాటే మొక్క అనుకోండి.

కృష్ణ, మక్తల్ మండలాల్లో జింకల మందలు కనిపిస్తాయి, అందంగా ఉంటాయి. విత్తిన చేలోకి దిగి మొలక మేసే జింకలు రైతుకు అందంగా కనిపించవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి గట్టి రక్షణ ఉంది, రైతు వాటిని ఏమీ చేయలేడు. వాళ్ల ముందు జింకల్ని పొగడకండి. తోడేలు బొరియ దొరికితే ఆ చోటు ఫోన్‌లో ఎవరికీ పంపకండి. గొర్రెపిల్లను పోగొట్టుకున్నవాడి చెవిన పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రాత్రి మంద దగ్గరకు పోవాల్సివస్తే దూరం నుంచే కేకేసి, కాపరి బదులిచ్చాకే అడుగు వేయండి, కుక్కలు వదలవు. మడమ దాకా బూట్లు వేసుకోండి, రక్తపింజర ఎండుగడ్డి రంగులోనే ఉంటుంది. కాటు పడితే నాటుమందుల కోసం ఆగకుండా జిల్లా ఆసుపత్రికి పోవాలి. గొడుగు తెచ్చుకుంటారేమో, గొర్లు బెదురుతాయి. నారాయణపేటలో గొంగడి కొనుక్కోండి. నల్లగొర్రె బొచ్చుది, వానకూ చలికీ పనికొస్తుంది. బొచ్చులేని నెల్లూరు గొర్లు వచ్చాక నేసేవాళ్లకు పని తగ్గింది, మీ పైసలు వాళ్లకు చేరతాయి.

నల్గొండ వైపు వెళ్లే మీ ఇద్దరికి ఒక మాట. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి, మాఘంలో. ఆ వారం కాపరులు ఒక్కరూ దొరకరు, సర్వే పెట్టుకోవద్దు. ఇటువైపు దీపావళి తర్వాత కురుమూర్తి జాతర కూడా అంతే. వీలైతే పని మాని జాతరకే పోండి.

2026ను ఐక్యరాజ్యసమితి గడ్డిభూముల, కాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి మీలాంటి బృందాలు ఇంకా వస్తాయి. మీ లెక్కలు ఇంగ్లిషు నివేదికలో పడకముందే తెలుగులో రెండు పేజీలు రాసి, గొర్ల పెంపకందారుల సొసైటీలో చదివి వినిపించండి. తప్పుంటే అక్కడే చెబుతారు. వెంట నడిచినవాడికి ఆ రోజు కూలి ఆ రోజే ఇవ్వండి, పని అయ్యాక చూద్దామనొద్దు. మక్తల్‌లో బస్సు దిగంగనే ఫోన్ చేయండి, సొసైటీ అధ్యక్షుడికి ముందే చెప్పి ఉంచుతాను.

మీ శ్రేయోభిలాషి,
నారాయణపేట నుంచి