‘బాక్టీరియాలు’ తప్పా?

సందేహం: మా అమ్మాయి డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతోంది. కాలేజీ పత్రికకు తెలుగులో వ్యాసం రాస్తూ ‘మైక్రోస్కోపులో రకరకాల బాక్టీరియాలు కనిపించాయి’ అంది. బాక్టీరియా అంటేనే బహువచనమని, ఏకవచనం బాక్టీరియం అని వాళ్ల మేడం ‘లు’ కొట్టేశారు. ఏది ఒప్పు? ‘సూక్ష్మక్రిములు’ అంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాదు

సమాధానం: అమ్మా, మేడం గారు చెప్పింది లాటిన్ వ్యాకరణం. అమ్మాయి రాసింది తెలుగు. ఆ మాటకొస్తే మేడం గారి బాక్టీరియాన్నే తీసుకుందాం. పుస్తకం పుస్తకాలైనట్టు, వజ్రం వజ్రాలైనట్టు, తెలుగులో బాక్టీరియానికి బహువచనం ఏమవుతుంది? బాక్టీరియాలే! కొట్టేసిన ‘లు’ ఆవిడ చూపిన దారినే తిరిగి వచ్చింది.

పరభాషా పదం మన గడప దాటాక అక్కడి వచనాన్ని మోసుకు తిరగాలన్న నియమం మనకెన్నడూ లేదు. సంస్కృతంలో దార (భార్య), అక్షత, లాజ (పేలాలు), అసు (ప్రాణం) శబ్దాలు నిత్య బహువచనాలని, పదాల లింగాలను చెప్పే వ్యాకరణ గ్రంథం లింగానుశాసనం ఒకే సూత్రంలో కట్టి చెప్పింది. ఇంటి ఇల్లాలు ఒక్కతే అయినా ‘దారాః’ అనాల్సిందే, అదీ పుంలింగంలో! మనవాళ్లు అక్షతలు, లాజలు, అసువులు అని మూడింటికి బహువచనం ఉంచారు, దారకు తీసేశారు. ఎవరినీ అడగలేదు. అజెండా కూడా లాటిన్‌లో బహువచనమే. ఇంగ్లీషువాళ్లే దాన్ని ఒకటిగా లెక్కపెడుతుంటే మనకెందుకీ మడి?

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. గ్రీకులో ‘బక్తీరియొన్’ అంటే చిన్న కర్ర. తెలంగాణలో అయితే కట్టె అంటాం. ‘బక్తీరియా’ అని స్వరభేదంతో ఇంకో మాట ఉంది. అది చేతికర్రకు పేరు, శుద్ధమైన ఏకవచనం! మేడం గారికి ఈ సంగతి చెప్పకండి, కొత్త తగువు మొదలవుతుంది. లాటిన్‌లో బాసిల్లస్ అన్నా చిన్న కర్రే. 1683లో లీవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వర్తకుడు తాను అరగదీసుకున్న చిన్న కటకంతో పళ్ల పాచిని చూసి, అందులో ఈదులాడే వాటి బొమ్మలు గీయించి లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు. వాటిలో కర్రల్లాంటివీ మెలికలు తిరిగినవీ ఉన్నాయి. బుల్లి జంతువులన్నాడే తప్ప వేరే పేరు పెట్టలేదు. కర్ర పేరు 19వ శతాబ్దిలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బర్గ్ పెట్టాడు.

బాక్టీరియాల్లో గుండ్రటివీ ఉన్నాయి. కోకస్ అంటే గింజ. మరి గింజను కర్ర జాతిలో కలిపితే ఎలా అంటారా? నూనె అంటే నూనెయ్యి, అంటే నువ్వుల నెయ్యి. పల్లి నూనె అంటూ రోజూ వండుకుంటున్నామా లేదా? ఆ గింజలు ఒకే దిక్కున చీలుతూ పోయి, విడిపోకపోతే గొలుసు. అది స్ట్రెప్టోకోకస్. గ్రీకులో ‘స్ట్రెప్టోస్’ అంటే మెలితిప్పినది, మెడలో వేసుకునే పేట కూడా. అడ్డదిడ్డంగా చీలితే ద్రాక్షగుత్తి, అదే స్టెఫిలోకోకస్. పొడవు, వెడల్పు, ఎత్తు మూడు దిక్కులా వరసగా చీలితే ఎనిమిదేసి గింజల ఘనం. దానికి సార్సినా, అంటే మూట అని పేరు. విబ్రియో పేరు మాత్రం ఆకారాన్ని బట్టి రాలేదు. అది అల్లల్లాడుతుంది, అందుకని ఆ పేరు. ఇవన్నీ కటకంలో కన్ను పెట్టినవాళ్లు ఇంట్లో, తోటలో దొరికిన మాటల్తో పెట్టిన పేర్లు. మనం దండాకార, గోళాకార, సర్పిలాకార అని మూడు ఆకారాలు బట్టీ పట్టించి ఊరుకున్నాం. కర్రలు, గింజలు, గొలుసులు, గుత్తులు అంటే పిల్లలకు చూడకుండానే సగం కనిపించేవి. దండాకారం తప్పు మాట కాదు, వాడుకోండి. కానీ పక్కన కర్ర అని ఒక్కసారైనా రాస్తే శాస్త్రానికి వచ్చే లోటేమిటో నాకర్థం కాదు.

సూక్ష్మక్రిమి నాకు నచ్చదు. క్రిమి అంటే పురుగు. పత్తి చేలో కొట్టేదీ క్రిమిసంహారకమే, ఆసుపత్రి నేల తుడిచేదీ క్రిమిసంహారకమే! 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసింది బాక్టీరియా కానే కాదు, అదొక ఏకకణ పరాన్నజీవి. పత్రికలు దాన్నీ మలేరియా క్రిమి అనే రాస్తాయి. సూక్ష్మజీవి మంచి మాటే కానీ అందులో శిలీంధ్రాలూ చేరతాయి, బాక్టీరియాకు బదులు పనికిరాదు.

తీర్పు అడిగారు కనుక: మొత్తం జాతిని ముద్దగా చెప్పేటప్పుడు ‘నీటిలో బాక్టీరియా పెరిగింది’ అని ఏకవచనం సహజంగా ఉంటుంది. రకాలు వేరువేరుగా కళ్లబడినప్పుడు ‘బాక్టీరియాలు కనిపించాయి’ అనడమే నాకు నచ్చుతుంది. ‘బాక్టీరియా కనిపించాయి’ అని ‘లు’ లేకుండా రాసేవారూ ఉన్నారు. అది చెవికి కుంటుతుంది గానీ తప్పని కొట్టేయను. మార్కులు మేడం గారి చేతిలో ఉంటే అమ్మాయిని ఆవిడ చెప్పినట్టే రాయమనండి.

బాక్టీరియానా, బ్యాక్టీరియానా అని మీరు అడగలేదు. బ్యాంకు, బ్యాటు అనే నోటికి బ్యాక్టీరియా అడ్డు కాదు. నేను మాత్రం య-వత్తు లేకుండానే రాస్తాను.