ఫీజులు రద్దు చేసినా మలావీలో చాలామంది పిల్లలు ప్రాథమిక విద్య ఎందుకు పూర్తి చేయలేకపోతున్నారు?

విద్యార్థుల సంఖ్య పెరిగినంత వేగంగా ఉపాధ్యాయులు, తరగతి గదులు, పుస్తకాలు పెరగకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీ, 1994 బహుళపార్టీ ఎన్నికల తర్వాత ప్రాథమిక పాఠశాల ఫీజులను రద్దు చేయగా, అంతకుముందు సుమారు 19 లక్షలున్న విద్యార్థుల సంఖ్య ఒక్క ఏడాదిలోనే 30 లక్షలకు చేరువైంది. వారికి పాఠాలు చెప్పడానికి దాదాపు 20 వేల మందిని పూర్తి శిక్షణ లేకుండానే నియమించవలసి వచ్చింది.

ఈ భారం ఎక్కువగా పడేది ఒకటో తరగతి మీదే. ఒకే ఉపాధ్యాయుని ముందు వందకు పైగా పిల్లలు నేల మీద కూర్చుంటారు, గది దొరకని చోట చెట్టు కిందే తరగతి నడుస్తుంది, వాన పడితే ఆ రోజుకు చదువు ఆగిపోతుంది. అక్షరాలు సరిగా రాకుండానే ఏడాది గడిచిపోవడంతో చాలామంది అదే తరగతి మళ్లీ చదువుతారు. అలా వయసు మీరుతున్న కొద్దీ పొలం పనులు, ఆడపిల్లల విషయంలో ఇంటి పనులు, బాల్య వివాహం అడ్డుపడి, 8 ఏళ్ల ప్రాథమిక విద్య మధ్యలోనే ఆగిపోతుంది. పైగా ఫీజు పోయినా నోటు పుస్తకాలు, బట్టల ఖర్చు కుటుంబం మీదే మిగిలింది.

తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదనేది తరచుగా వినిపించే అపోహ. ఫీజు తొలగిన ఏడాదిలోనే సుమారు పది లక్షల మంది పిల్లలు అదనంగా బడికి వచ్చారంటే, అంతవరకు వారిని ఆపినది అనాసక్తి కాదు, ఖర్చు.