గనిలో పని, ఇంట్లో బీరు కొట్టు: ఇద్దరా, ఒక్కరేనా?

ప్రశ్న: మా వారు ఇంగ్లండ్ మనిషి. ఆయన పూర్వీకులది స్టాఫర్డ్‌షైర్‌లో, డడ్లీకి దగ్గర్లో ఒక చిన్న గని ఊరు. పిల్లల కోసం వంశవృక్షం తయారు చేస్తున్నాను. 1851 జనాభా లెక్కల్లో ఆయన తాతగారి తాత బొగ్గు గని కార్మికుడని ఉంది, అదే ఏడాది వ్యాపార డైరెక్టరీలోనేమో అదే పేరు బీరు అమ్మేవాళ్లలో ఉంది. వీళ్లు వేర్వేరు మనుషులా? గని రికార్డుల కోసం అడిగితే ఏమీ లేవన్నారు.

జవాబు: ఒక్కరే అయ్యుండే అవకాశం బాగా ఉంది, తొందరపడి ఒక పేరు కొట్టేయకండి. 1830లో వచ్చిన బీర్‌హౌస్ చట్టం ప్రకారం పన్ను కట్టే ఏ ఇంటాయనైనా ఏడాదికి రెండు గినియాలు (అప్పటి ఇంగ్లండ్ డబ్బు, గినియా అంటే పౌండు మీద ఒక షిల్లింగు) చెల్లించి లైసెన్సు తీసుకుంటే సొంత ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేట్ల అనుమతితో పనే లేదు. దాంతో గని ఊళ్లలో ఎంతోమంది ముందు గదిలో నాలుగు బల్లలు వేసి కొట్టు తెరిచారు. ఆయన గనిలోకి దిగితే కొట్టు చూసుకునేది భార్య, కానీ లైసెన్సు ఆయన పేరు మీదే, జనాభా లెక్కల కాగితంలో ఆమె వృత్తి దగ్గర చాలాసార్లు ఖాళీయే. అందుకే ముందు ఆవిడ గురించి వెతకమంటాను. ఆయన ముందుగా పోయి ఉంటే 1861లోనో 1871లోనో ఆవిడే బీరు కొట్టు యజమానురాలిగా కనిపించవచ్చు. ఇల్లు, వీధి, పిల్లల పేర్లు కలిస్తే మీ అనుమానం తీరినట్టే.

మీది ఆ ప్రాంతం కాబట్టి ఇంకో సంగతి కూడా చూడాలి. అక్కడ గని యజమానులు చాలామంది కూలీలను నేరుగా పెట్టుకునేవారు కాదు, టన్నుకి ఇంత అని బట్టీ అనే గుత్తేదారుకి పని అప్పగించేవారు, మనుషుల్ని కుదుర్చుకుని కూలి ఇచ్చేది అతనే. ఈ బట్టీల్లో కొందరికి సొంత పబ్బు ఉండేది, లేదా బంధువులకి ఉండేది, కూలి డబ్బులు అక్కడే పంచేవారు, అక్కడ తాగనివాడికి మర్నాడు పని దొరుకుతుందన్న నమ్మకం లేదు. పబ్బుల్లో జీతాలివ్వడాన్ని 1842 గనుల చట్టం నిషేధించింది కూడా. మీ వారి పూర్వీకుడు బట్టీ అని తేలితే అది కూడా వంశవృక్షంలో రాయండి, పిల్లల దగ్గర దాచకండి, ఆ డబ్బు ఎవరి చెమటో వాళ్లకి తెలియాలి.

ఇక రికార్డులు. 1947లో జాతీయం చేసేదాకా గనులు ప్రైవేటువాళ్లవి, మామూలు కూలీల పేర్లున్న పుస్తకాలు మిగిలింది చాలా తక్కువ, కాబట్టి కొట్టు వైపు నుంచి రండి. అక్కడ కూడా ఒక చిక్కుంది: 1830కీ 1869కీ మధ్య బీరు కొట్లు మేజిస్ట్రేట్ల చేతిలో లేవు, వాళ్ల లైసెన్సు రికార్డుల్లో ఆయన పేరు లేదంటే కొట్టు లేదని కాదు. 1869 తర్వాత మళ్లీ వాళ్ల అనుమతి తప్పనిసరి అయింది, లైసెన్సు ఎవరి నుంచి ఎవరికి మారిందో జిల్లా రికార్డు ఆఫీసులోని రిజిస్టర్లలో దొరకవచ్చు. అయితే డడ్లీ పట్టణం అప్పట్లో చుట్టూ స్టాఫర్డ్‌షైర్ ఉన్నా వూస్టర్‌షైర్ కిందకి వచ్చేది, కుటుంబం అటు మారి ఉంటే వూస్టర్‌లో కూడా అడగాలి.

పాత వార్తాపత్రికలు మాత్రం అస్సలు వదలొద్దు. గని ప్రమాదంలో ఎవరైనా చనిపోతే కరోనర్ (చావు ఎలా జరిగిందో తేల్చే అధికారి) విచారణ చాలాసార్లు దగ్గర్లోని పబ్బులోనే జరిగేది, ఫలానా ఆయన ఇంట్లో విచారణ జరిగిందని పత్రిక రాసేది. అలా తెలియని వాళ్ల చావు వార్తలో మీవాళ్ల కొట్టు బయటపడొచ్చు. ఆయనే గనిలో పోయాడేమో అనిపిస్తే 1850 తర్వాతి గనుల ఇన్‌స్పెక్టర్ల నివేదికలు తిరగేయండి.

ముందుగా ఆయన పిల్లల పెళ్లి సర్టిఫికెట్లన్నీ తెప్పించుకోండి. 1837 జులై నుంచి వాటిలో తండ్రి వృత్తి రాసేవారు. పెద్ద కూతురి పెళ్లికి గని కార్మికుడు, చిన్నకొడుకు పెళ్లికి బీరు వ్యాపారి అని ఉంటే కంగారు పడకండి, రెండూ నిజమే కావచ్చు.