టీమ్‌కి కోచ్ లేడని మెయిల్ వస్తే

అమెరికాలో పిల్లల్ని మొదటిసారి సాకర్‌లో, అంటే ఫుట్‌బాల్‌లో, చేర్చి ఫీజు కట్టాక, సీజన్ మొదలయ్యే ముందు ఒక మెయిల్ రావచ్చు. "మీ టీమ్‌కి ఇంకా కోచ్ దొరకలేదు, తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకు రండి" అని. మనవాళ్లు చాలామంది అది చదివి పక్కన పెట్టేస్తారు. గల్లీ క్రికెట్ తప్ప ఏమీ ఆడనివాళ్లం, మనకెందుకులే అని. నేనూ ఒక ఏడాది అలాగే వదిలేశాను. మరుసటి ఏడాది, మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, సరేనన్నాను. ఆ తర్వాత ఆరు సీజన్లు మానలేదు.

ఇక్కడ చిన్నపిల్లల సాకర్ చాలావరకు నడిచేది జీతం తీసుకోని అమ్మానాన్నల వల్లే. 1964లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో మొదలైన పిల్లల సాకర్ సంస్థ ఏవైఎస్‌వో (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) ఇప్పటికీ ఈ పద్ధతి మీదే ఉంది. మీరు ఎంత బాగా ఆడతారని ఎవరూ అడగరు. మీ మీద కేసులేమైనా ఉన్నాయేమో చూసుకుంటారు. పిల్లల భద్రత గురించీ, తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలన్నదాని గురించీ ఆన్‌లైన్ పాఠాలు పూర్తి చేయమంటారు. అవి శ్రద్ధగా వినండి, నిజంగా పనికొస్తాయి.

ఆట కూడా మనం టీవీలో చూసే ఆట కాదు. ఎనిమిదేళ్లలోపు వాళ్లకి అటు నలుగురు, ఇటు నలుగురు. గోల్‌కీపర్ ఉండరు. బంతి చిన్నది, మూడో నంబరు సైజు. తొమ్మిది, పదేళ్లకి ఏడుగురు చొప్పున ఆడతారు, బంతి కాస్త పెద్దదైన నాలుగో నంబరుకి మారుతుంది. పదేళ్ల వరకు తలతో బంతి కొట్టకూడదు. చాలా లీగుల్లో చిన్నవాళ్లకి పాయింట్ల పట్టిక ఉండదు. కాబట్టి గెలుపు కోసం టెన్షన్ పడాల్సిన పనే లేదు.

మొదటి వారాల్లో పిల్లలంతా బెల్లం చుట్టూ ఈగల్లా బంతి చుట్టూ మూగుతారు. "నీ చోట నువ్వుండు" అని అరవకండి. ఆ వయసులో వాళ్లకి బంతి కావాలి, అంతే. ప్రాక్టీసులో వరసలో నిలబెట్టడం కూడా మంచిది కాదు. పది మంది ఒక్క బంతి కోసం ఎదురుచూస్తుంటే ఐదు నిమిషాల్లో గడ్డి పీకడం మొదలుపెడతారు. తలా ఒక బంతి ఇచ్చి ఆటలు పెట్టండి. నేను మన నాలుగు స్తంభాలాట పెట్టాను. నాలుగు మూలలా నాలుగు కోన్లు, మధ్యలో దొంగ. కోన్ మారేటప్పుడు బంతిని కాలితో తోసుకుంటూనే వెళ్లాలి. ఏ దేశపు పిల్లలకైనా రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. సీజనంతా అదే అడిగారు.

అసలు కష్టం మీ సొంత పిల్లతోనే. మిగతా పిల్లలు తప్పు చేస్తే "పర్లేదు నాన్నా" అంటాం. మన పిల్ల చేస్తే గొంతు మారిపోతుంది. పక్షపాతం అనుకుంటారేమోనన్న భయం ఒకటి, మన పిల్ల బాగా ఆడాలన్న ఆశ ఇంకొకటి. ఒక శనివారం మా అమ్మాయి బంతి వదిలేసి ఆకాశంలోకి చూస్తుంటే తెలుగులో గట్టిగా కసిరాను. మిగతావాళ్లకి మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. ఇంటికెళ్లే దారిలో తను అడిగింది: "అందరికీ కోచ్ ఉన్నాడు, నాకెందుకు లేడు?" ఆ రోజు నేను చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి కారెక్కాక ఆట మాట ఎత్తను. తను ఎత్తితే వింటాను. ఎవరు ఎప్పుడు ఆడాలో ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకుంటాను, అందరికీ సమానంగా, మా అమ్మాయి పేరు కూడా ఆ వరసలోనే. మైదానంలో తనతో కూడా అందరితో మాట్లాడే భాషలోనే మాట్లాడతాను. ఒక్క మెచ్చుకోలు మాత్రం తెలుగులో, చెవిలో.

మెయిల్‌కి జవాబు రాసేటప్పుడు ఇంకో తల్లినో తండ్రినో అసిస్టెంట్‌గా అడగండి. మీ పిల్లకి తప్పు చూపించే పని వాళ్లకి అప్పగించండి. వాళ్ల పిల్లకి మీరు చెప్పండి.