డ్రమ్మర్ లేని బృందం

ప్రశ్న: మేము ముగ్గురం కలిసి పాటలు కట్టుకుంటున్నాము. గిటార్, బేస్ వాయించేవాళ్లం ఉన్నాము, డ్రమ్స్‌కు ఎవరూ దొరకలేదు. పాడే అమ్మాయి గొంతు మరీ మెత్తగా ఉందని విన్నవారు అంటున్నారు. పంక్ రాక్ వెనువెంటనే వచ్చిన పోస్ట్‌పంక్ సంగీతంలో మేము వినదగిన, అంతగా పేరు రాని ఆల్బమ్ ఏదైనా చెప్పగలరా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు గుర్తుకు వచ్చినది ‘కొలోసల్ యూత్’. వేల్స్‌లోని కార్డిఫ్‌కు చెందిన యంగ్ మార్బుల్ జెయింట్స్ బృందం చేసిన ఈ ఆల్బమ్‌ను రఫ్ ట్రేడ్ రికార్డు సంస్థ 1980లో విడుదల చేసింది. వారూ ముగ్గురే: గిటార్, ఆర్గన్ వాయించిన స్టూవర్ట్ మాక్స్‌హామ్, బేస్ వాయించిన ఆయన సోదరుడు ఫిలిప్, పాడిన అలిసన్ స్టాటన్. వారికీ డ్రమ్మర్ లేడు. డ్రమ్ మెషిన్ దరువును ముందే క్యాసెట్‌లో నింపుకొని, కచేరీలో ఆ టేపు నడుస్తుండగా వాయించేవారు.

పంక్ అంటే హోరు, వేగం అని అందరూ అనుకుంటున్న రోజుల్లో వారు నిశ్శబ్దాన్ని కోరి ఎంచుకున్నారు. స్టూవర్ట్ గిటార్‌ను శ్రద్ధగా వినండి. కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి మీటడం వల్ల స్వరం పలికీ పలకకముందే తెగిపోతుంది. అలా మిగిలిన ఖాళీలోకి ఫిలిప్ బేస్ వచ్చి, చాలాచోట్ల రాగం బరువును తానే మోస్తుంది. అలిసన్ ఇంట్లో పని చేసుకుంటూ తనలో తాను పాడుకునే మనిషిలా, ఎక్కడా గొంతు పెంచకుండా పాడుతుంది. మన ఒగ్గు కథలో డోళ్లు ఎంత మోగినా కథకుడు మాట అందుకోగానే ఒదిగిపోతాయి కదా, ఇక్కడ వాద్యాలు మొదటి నుంచీ అలా ఒదిగే ఉంటాయి. కాజీపేటలో ఒక రాత్రి దీనిని మొదటిసారి విన్నప్పుడు, దూరంగా పోతున్న గూడ్సు బండి చప్పుడు కూడా పాటలో భాగమేనని కాసేపు భ్రమపడ్డాను.

బృందం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ కాలంలో వారి నుంచి వచ్చిన పూర్తి ఆల్బమ్ ఇదొక్కటే. అయినా అమెరికా రాక్ బృందం నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ తనకు ఎంతో ఇష్టమైన ఆల్బమ్‌లలో దీనిని చేర్చుకున్నాడు. హోల్ అనే మరో అమెరికా రాక్ బృందం 1994లో తన ‘లివ్ త్రూ దిస్’ ఆల్బమ్‌లో ‘కొలోసల్ యూత్’లోని ‘క్రెడిట్ ఇన్ ది స్ట్రెయిట్ వరల్డ్’ను తిరిగి పాడింది. ఆ రెండింటినీ వెంటవెంటనే వినండి. హోల్ దానిని గిటార్ల హోరుతో నింపింది, కానీ ఆ హోరుకింద పాటను నిలబెడుతున్నది 1980 నాటి ఆ సన్నని వరుసే.

డ్రమ్మర్ కోసం ఇంకా ఎదురుచూడకండి. ఫోనులో ఒక సాదా దరువు పెట్టుకొని, గిటార్ శబ్దాన్ని సగానికి తగ్గించి, ఆ అమ్మాయిని ఇప్పుడు పాడుతున్నట్లే మైకుకు దగ్గరగా నిలబడి పాడమనండి.