టెక్ సందేహాలు: ఫార్మాట్ మార్చితే పోయిన ఆకాశం తిరిగి రాదు

ప్రశ్న: నల్లగొండలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్ బ్యాక్‌గ్రౌండ్ల కోసం నెట్ నుంచి వెబ్‌పీ (వెబ్‌సైట్లు వాడే తక్కువ సైజు ఫార్మాట్) బొమ్మలు దించుకుంటాను. ఎడిటింగ్‌కి బాగుంటుందని ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వాటిని ఈఎక్స్ఆర్ అనే ఫార్మాట్‌లోకి మార్చాను. ఫైల్ సైజు విపరీతంగా పెరిగింది, ఆకాశం మాత్రం తెల్లగానే ఉంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే బూడిద రంగులోకి పోతోంది. ఇంతకన్నా మంచి కన్వర్టర్ చెప్పండి.

జవాబు: అలాంటిది లేదు. పాలమూరు నుంచి, సూర్యాపేట నుంచి కూడా ఇదే ఫిర్యాదు వస్తోంది కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నా.

వెబ్‌పీలో ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే 256 స్థాయిలే. కెమెరా రా ఫైలు (కుదించని అసలు ఫైలు) 14 బిట్లదైతే 16,384 స్థాయిలుంటాయి. పైగా మామూలు వెబ్‌పీ సైజు తగ్గించడానికి నాలుగేసి పిక్సెళ్లకు ఒకే రంగు సమాచారం పంచుతుంది. ఆకాశం 255 దగ్గర, అంటే పూర్తి తెలుపు దగ్గర ఆగిపోయాక అక్కడ మబ్బు ఉండిందో లేదో ఆ ఫైల్లో ఆనవాలే ఉండదు. ఈఎక్స్ఆర్ సినిమా గ్రాఫిక్స్ కోసం పుట్టిన ఫార్మాట్, దాని తప్పేమీ లేదు. చెంబెడు నీళ్లు గంగాళంలో పోస్తే గంగాళం నిండుతుందా?

రంగులు దిద్దేటప్పుడు చారలు పడకూడదంటే 16 బిట్ టిఫ్‌గా మార్చుకోండి, చాలు. ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని అవుతుంది. అసలైన హెచ్‌డీఆర్ (చీకటి, వెలుగు రెండింట్లోనూ వివరాలుండే బొమ్మ) కావాలంటే కెమెరా తీసుకుని పక్కనే ఉన్న పానగల్లు వెళ్లండి. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి చీకటి, బయట మండే ఎండ. ట్రైపాడ్ మీద రెండేసి స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపో సగమో) తేడాతో మూడు రా షాట్లు తీసి కలపండి. ఎవరి హక్కులో తెలియని నెట్ బొమ్మల బాధ కూడా తప్పుతుంది.

ఆకాశం సంగతి అలా ఉంచి, ఆ కన్వర్టర్ అంటేనే నాకు టెన్షన్. ఉచిత ఫైల్ కన్వర్టర్ల ముసుగులో మాల్‌వేర్ పంచుతున్నారని 2025 మార్చిలో అమెరికాలోని ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది. అడిగిన ఫైలు సరిగ్గానే మార్చి ఇస్తారు, దానితోపాటే వైరస్ దిగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మీ స్టూడియో కంప్యూటర్లో ఏముంటాయో ఒకసారి ఆలోచించండి. ఊళ్లోవాళ్ల పాస్‌పోర్ట్ ఫోటోలు, ప్రింట్ కోసం పంపిన ఆధార్ కాపీలు, ఇంకా అప్పగించని పెళ్లి ఫోటోలు. రాన్సమ్‌వేర్ పడి అవన్నీ తాళం పడితే పెళ్లివారికి ఏం చెబుతారు? విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్ (.jpg లాంటిది) చూపించదు. బొమ్మ పేరుతో వచ్చిన ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైలు అచ్చం బొమ్మలాగే కనిపిస్తుంది. ఫోల్డర్ వ్యూలో ఎక్స్‌టెన్షన్లు కనబడేలా ఇవాళే పెట్టుకోండి.

ఇంకోటి. 2023 సెప్టెంబరులో వెబ్‌పీని తెరిచే లైబ్రరీలోనే (సాఫ్ట్‌వేర్లన్నీ వాడుకునే కోడ్ ముక్క) పెద్ద లోపం బయటపడి, బ్రౌజర్లు హడావుడిగా అప్‌డేట్లు ఇచ్చాయి. దురుద్దేశంతో తయారుచేసి పంపిన బొమ్మ ఒక్కటి చాలు, దాడికి దారి దొరుకుతుంది. మన స్టూడియోల్లో చాలావరకు క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే. అప్‌డేట్ వస్తే క్రాక్ పోతుందని ఇంటర్నెట్టే తీసేసి కూర్చునేవాళ్లను చూశాను. మళ్లీ బొమ్మలు దించడానికి అదే మిషన్‌కి నెట్ పెడతారు!

వెబ్‌సైట్లు చేసేవాళ్లకూ కొంచెం బుద్ధి ఉండాలి. 'సేవ్ ఇమేజ్' నొక్కిన మనిషికి తన దగ్గరి సాఫ్ట్‌వేర్ తెరవలేని ఫైలు చేతిలో పెడితే, వాడు కన్వర్టర్ల చుట్టూ తిరగక ఏం చేస్తాడు?

గద్వాల నుంచి అడిగినవారికి: వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన చీర బొమ్మ కుదించుకుపోయి ఉంటుంది, ఫ్లెక్సీకి పనికిరాదు. అదే బొమ్మను డాక్యుమెంట్‌గా పంపమనండి.