వారమైనా గుడ్డు లేదు, ఈ రంగానికి నేను పనికిరానా?

ప్రశ్న: బయాలజీ గ్రూపుతో పన్నెండో తరగతి పరీక్షలు రాశాను. పశువైద్యం గానీ, కోళ్ల పెంపకానికి సంబంధించిన కోర్సు గానీ చదవాలని ఉంది. అనుభవం కోసం 18 వారాల వయసున్న ఆరు గుడ్ల పెట్టలు తెచ్చుకున్నాను. వారం దాటినా ఒక్క గుడ్డు కూడా లేదు. ఒక పెట్టనైతే మిగతావన్నీ పొడుస్తున్నాయి, అది మూల నుంచి కదలడం లేదు. ‘ఇంత చదివించింది కోళ్లు కాసుకోవడానికా?’ అని నాన్న కోప్పడుతున్నారు. నాకు ఈ రంగం సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో నాలుగు పెట్టల్ని తెస్తే ఆ పోట్లాట తగ్గుతుందా?

జవాబు: గుడ్డు రాకపోవడం మీ తప్పు కాదు. చాలా రకాల పెట్టలు 18 నుంచి 24 వారాల మధ్య గుడ్లు మొదలుపెడతాయి. బరువైన జాతులు ఇంకా ఆలస్యం చేస్తాయి. దానికి తోడు మీవి ప్రయాణం చేసి కొత్త చోటికి వచ్చాయి. రోజూ గుడ్డు పెట్టే కోడి కూడా చోటు మారితే వారం, రెండు వారాలు మానేయడం మామూలే. కాబట్టి ఇప్పుడు చూడాల్సింది గుడ్ల కోసం కాదు, పెట్టల్నే. తల మీది తురాయి ఇంకా చిన్నగా, పాలిపోయి ఉందా, లేక పెరిగి ఎర్రబడుతోందా? వీపు మీద చెయ్యి పెడితే పారిపోతోందా, లేక రెక్కలు కొంచెం విప్పి నేలకు అణిగి కూర్చుంటోందా? గుడ్ల పెట్టెలోకి తొంగిచూసి గడ్డిని కెలుకుతోందా? తురాయి ఎర్రబడటం, అణిగి కూర్చోవడం, గడ్డి కెలకడం కనిపిస్తే గుడ్డు ఎంతో దూరంలో లేదు. మొదటి గుడ్లు చిన్నగా ఉన్నా, ఒకటీ అరా మెత్తటి పెంకుతో వచ్చినా కంగారుపడకండి.

ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో పెంకు ఒక్కదానికే దాదాపు 20 గంటలు. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందుకే గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా కలుపుతారు. అయితే గుడ్డు త్వరగా రావాలని ఆ దాణాను లేత పిల్లలకే మొదలుపెడితే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మీ పెట్టలు ఇప్పుడు సరిగ్గా ఆ మలుపులో ఉన్నాయి. తురాయి ఎర్రబడటం మొదలైతే ఎదిగే కోళ్లకు వేసే గ్రోయర్ దాణా నుంచి లేయర్ దాణాకు కొద్దికొద్దిగా మార్చండి. ఆల్చిప్పల ముక్కల్ని విడిగా ఓ గిన్నెలో ఉంచితే ఏ పెట్టకు ఎంత కావాలో అదే తింటుంది. ముద్దుగా తింటున్నాయి కదా అని గింజలు, ఇంట్లో మిగిలినవి ఎక్కువగా పెట్టొద్దు. వాటితో కడుపు నిండిపోతే అసలు దాణా తినవు, మాంసకృత్తులు చాలవు. పూర్తిగా గుడ్ల మీదకు వచ్చిన పెట్ట రోజుకు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, దానికి రెండింతల బరువు నీళ్లు తాగుతుంది. ఎండాకాలంలో నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి.

ఇక ఆ మూలన ఉన్న పెట్ట సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసింది అదే. కొత్తగా కలిసిన కోళ్లు ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పొడుచుకునే తేల్చుకుంటాయి. ఒకటి రెండు వారాల్లో అది సర్దుకుంటుంది. ఈ వరుసను మొదట శాస్త్రీయంగా వివరించింది నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బే. ఆయన చిన్నప్పటి నుంచే కోళ్లను గమనిస్తూ వచ్చాడు, 1922లో తన పరిశోధనను ప్రచురించాడు. కోళ్ల వెంట తిరగడం చదువుకు అడ్డు అనుకునే నాన్నగారికి ఈ సంగతి చెప్పండి.

అయితే ఒక పోటు పొడిచి వదిలేయడం వేరు, ఒకదాన్ని తిండికి దూరంగా తరిమేయడం వేరు. మీ పెట్టది ఏ పరిస్థితో ఈ రాత్రే తెలుసుకోవచ్చు. చీకటి పడి అన్నీ వాలే కర్ర ఎక్కాక మెల్లగా దాని దగ్గరికి వెళ్లండి. మెడ కింద, రొమ్ముకు కొంచెం పక్కన, కోడి కుడివైపున మేత నిలిచే సంచి ఉంటుంది. వేళ్లతో తడిమి చూడండి. కడుపునిండా తిన్న పెట్టకు అది బంతిలా గుండ్రంగా, నిండుగా తగులుతుంది. తినని పెట్టకు చర్మం తప్ప ఏమీ తగలదు. మిగతా అయిదింటినీ అలాగే తడమండి, తేడా మీ వేళ్లకే తెలిసిపోతుంది. ఖాళీగా ఉంటే దాన్ని తిననివ్వడం లేదనో, అది జబ్బుపడిందనో అర్థం. తెల్లవారగానే రెండో దాణా గిన్నె, రెండో నీళ్ల గిన్నె పెట్టండి. అవి మొదటి వాటి పక్కన ఉండకూడదు. మధ్యలో ఒక పలకో, ఎండిన కొమ్మల కట్టో అడ్డం ఉంటే పెత్తనం చేసే పెట్టకు రెండు చోట్లూ ఒకేసారి కనపడవు. గిన్నె దగ్గర ఒక్కో పెట్టకు కనీసం 10 సెంటీమీటర్ల చోటు ఉండాలి.

రక్తం కనపడితే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఎర్రటి గాయం కనిపిస్తే మిగతావి అక్కడే పొడుస్తాయి, చంపేదాకా వెళ్లవచ్చు. వెంటనే వేరు చేయండి. కానీ అదే గూటిలో వల అడ్డుపెట్టి, మిగతా వాటికి కనపడేలా ఉంచండి. కంటికి కనపడకుండా కొన్నాళ్లు దూరంగా ఉంచితే తిరిగొచ్చేసరికి అది కొత్తదైపోతుంది, పోట్లాట మళ్లీ మొదటికొస్తుంది. ముడుచుకుని కళ్లు మూసుకుంటున్నా, రెట్టలో రక్తం ఉన్నా అది వరుస గొడవ కాదు. పశువైద్యుడికి చూపించండి.

గూడు గురించి రెండు మాటలు చాలు. వాలే కర్ర గుడ్ల పెట్టె కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే పెట్టెలోనే పడుకుని రెట్టతో పాడుచేస్తాయి. ఇంకా కర్ర ఎక్కని పెట్టల్ని చీకటి పడ్డాక చేత్తో ఎక్కించండి. కొన్ని రాత్రుల్లో అలవాటవుతుంది. వారం పాటు గూడు, దాని ముందు వల కట్టిన ఆవరణలోనే ఉంచి, తర్వాత మునిమాపుకు గంట ముందు బయటికి వదిలితే చీకటి పడేసరికి వాటంతట అవే గూటికి చేరతాయి. పలచటి కోళ్ల వల కోడిని లోపల ఆపుతుందే తప్ప కుక్కను బయట ఆపలేదు. దృఢమైన, సన్నటి కళ్ల వెల్డెడ్ మెష్ వేయించండి. కోడి ఎత్తుకు వంగి గాలి పీల్చి చూడండి. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండితే గూటి నేల మీద పరిచిన పొట్టు తడిసిందని, గాలి ఆడటం లేదని అర్థం. కోళ్లను పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వాటికి ఏ జబ్బూ లేనట్టు కనిపించినా మనకు అంటుకుంటుంది.

ఇప్పుడు కెరీర్ మాట. ఆరు పెట్టలు గుడ్లు పెట్టాయా లేదా అన్నది మీ అర్హతకు పరీక్ష కాదు. నిన్నటికి, ఇవాళ్టికి ఏ పెట్టలో ఏం మారిందో మీరు పట్టుకోగలరా అన్నదే నేను చూస్తాను. కోళ్లు జబ్బును చివరిదాకా బయటపడనివ్వవు. దాణా కాస్త తగ్గిందని, ఒకటి ఆలస్యంగా కర్ర ఎక్కిందని ముందుగా గమనించేవాళ్లే ఈ రంగంలో మంచి వైద్యులవుతారు. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ ఎంత దాణా తూచి వేశారు, ఎంత మిగిలింది, ఎంత నీళ్లు తాగాయి, రెట్ట ఎలా ఉంది, ఎవరు ఎవర్ని పొడిచారు, రాయండి. రెండు నెలలు విసుగు లేకుండా రాస్తే పశువైద్యం మీద మీ ఇష్టం నిజమైనదే అని నేను నమ్ముతాను.

లెక్కలు, కెమిస్ట్రీ నచ్చితే పశు పోషణ శాస్త్రం వైపు చూడండి, దాణా రూపకల్పన అక్కడి పనే. పెట్టల మధ్య వరుస మీకు ఆసక్తిగా అనిపిస్తే జంతు ప్రవర్తన, సంక్షేమం చదవవచ్చు. జన్యుశాస్త్రం, గుడ్లను పొదిగించే హేచరీల నిర్వహణ, వ్యాధి నిర్ధారణ ల్యాబులు కూడా ఉన్నాయి. నాన్నగారు భయపడుతున్నది మీ భవిష్యత్తు గురించి. కోపంలో అన్న మాటను పట్టించుకోకుండా, ఈ దారుల్లో ఏది ఎన్నేళ్ల చదువు, చివర ఏ ఉద్యోగం అన్నది ఆయన ముందు కాగితం మీద పెట్టండి.

అయితే ఒక్కటి నిక్కచ్చిగా చెప్పాలి. పేరు పెట్టి పిలిచే ఆరు పెట్టలు వేరు, వేల కోళ్లున్న షెడ్డు వేరు. అక్కడ గుడ్లు తగ్గిన మందను తీసేస్తారు, చచ్చిన కోడిని కోసి కారణం వెతుకుతారు. అది మీ మనసుకు పడుతుందో లేదో దరఖాస్తుకు ముందే తెలుసుకోవాలి. ఒక పెద్ద ఫారంలో, ఒక పశువైద్యుడి దగ్గర కొన్ని రోజులు ఉండి చూడండి. ఫారంకి వెళ్లే ముందు ఇంట్లో కోళ్లున్నాయని తప్పకుండా చెప్పండి. రోగాలు మోసుకొస్తారన్న భయంతో ఇంట్లో కోళ్లున్నవాళ్లను చాలా ఫారంలు లోపలికి రానివ్వవు, కొన్ని రోజులు ఆగి రమ్మంటాయి. వాళ్లు అడక్కముందే మీరు ఆ మాట చెబితే వాళ్లకు మీ మీద గౌరవం పెరుగుతుంది. తిరిగొచ్చాక కూడా స్నానం చేసి, బట్టలు, చెప్పులు మార్చుకున్నాకే మీ గూటిలో అడుగుపెట్టండి.

ఇంకో నాలుగు పెట్టలు ఇప్పుడు వద్దు. తెస్తే వరుస మొత్తం మళ్లీ తేల్చుకోవాల్సి వస్తుంది, ముందు నలిగేది ఆ మూలన ఉన్నదే. ఈ ఆరూ స్థిమితపడి, గుడ్లు నిలకడగా వస్తున్న తర్వాత తేవాలనిపిస్తే కొత్తవాటిని కనీసం నెల రోజులు వేరేచోట ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే వల అవతల నుంచి ఒకదానికొకటి చూపించండి.